శీలావతి గంజాయి: పుట్టిందెక్కడ, చట్టం ఏమంటుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

"శీలావతి రకం గంజాయి పట్టివేత" అనే వార్త హైదరాబాద్ పేపర్లలో తరచూ కనిపిస్తుంది. ఆ పేరు చూసి హాస్టల్ పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు, ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు అడిగే ప్రశ్నలు ఇవి. చట్టం గురించి రాసింది అవగాహన కోసమే. నిజంగా కేసు మెడకు చుట్టుకుంటే ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల చట్టం) కేసులు వాదించే లాయర్ దగ్గరికి వెళ్లాలి.

శీలావతి అంటే గంజాయిలో వేరే జాతా?

కాదు. మామూలు గంజాయి మొక్కే. ఆంధ్రా–ఒడిశా సరిహద్దు కొండల్లో పండే సరుకుకు వ్యాపారులు పెట్టుకున్న పేరది. సాంబ మసూరి అంటే దానికి బీపీటీ 5204 అనే నంబరుంది, వెనక బాపట్ల పరిశోధన కేంద్రం ఉంది. శీలావతికి అలాంటి పుట్టు వివరాలేమీ లేవు. సాగే నేరమైన పంటకు రకాన్ని విడుదల చేసేవాళ్లెవరు, విత్తనానికి హామీ ఇచ్చేవాళ్లెవరు?

ఇంకో సంగతి. గంజాయిలో ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. పుప్పొడి గాలిలో కొట్టుకుపోయి పక్క చేలోని మొక్కను చేరుతుంది. కొండవాలు మీద పక్కపక్కనే నాలుగు చేలుంటే, మరుసటి ఏడాది విత్తనంలో నాలుగింటి గుణాలూ కలిసిపోతాయి. కాబట్టి నగరంలో ఎవరైనా "ఇది అసలు శీలావతి" అన్నారంటే అది అమ్మేవాడి మాట, అంతే. ఫోరెన్సిక్ ల్యాబ్ తేల్చేది పట్టుకున్నది గంజాయా కాదా అన్నదే. అది ఏ రకమో చెప్పడం ల్యాబ్ పని కాదు.

ఇది కేరళ నుంచి వచ్చిందంటారు, నిజమేనా?

పోలీసులు, విలేకరులు ఎక్కువగా చెప్పే కథ అదే. కేరళలో ఇడుక్కి కొండలు ఒకప్పుడు గంజాయికి పేరుమోసినవి. "ఇడుక్కి గోల్డ్" అనే పేరు అక్కడిదే. అక్కడ అటవీ, ఎక్సైజ్ శాఖల దాడులు పెరిగాక కొందరు సాగుదారులు, పెట్టుబడిదారులు విత్తనంతో సహా మన ఏజెన్సీకి చేరారని, గిరిజన రైతులకు అడ్వాన్సులిచ్చి సాగు చేయించారని చెబుతారు. ఇప్పుడు అదే కేరళకు, తమిళనాడుకు ఇక్కడి నుంచి సరుకు పోతూ పట్టుబడుతోంది. శీలావతి అనే పేరు కేరళ పోలీసు వార్తల్లోనూ మనకంటే తక్కువేమీ వినిపించదు.

ఈ కథలో నమ్మదగినది పెట్టుబడి దారి. విత్తనం ఎక్కడిదైనా కావచ్చు. డబ్బు మాత్రం బయటి నుంచి వచ్చింది. పాడేరు, చింతపల్లి, గూడెం కొత్తవీధి, జి.మాడుగుల, పెదబయలు, ముంచంగిపుట్టు మండలాలు, సరిహద్దు దాటితే ఒడిశాలోని మల్కన్‌గిరి, కోరాపుట్ జిల్లాలు: ఇవన్నీ ఎత్తైన కొండ ప్రాంతాలు. రోడ్డు లేని ఊళ్లు చాలా ఉండేవి. మావోయిస్టుల ప్రభావం వల్ల పోలీసులు లోపలికి పోవడం కష్టమయ్యేది. పసుపు మూట సంతకు మోసుకెళ్లి దళారి చెప్పిన ధరకు అమ్ముకునే రైతు గడపకు వచ్చి, ఎవరో ముందుగానే డబ్బు చేతిలో పెడితే ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు.

ఇంకా అక్కడ పండుతోందా?

2021 అక్టోబరు చివర్లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు "ఆపరేషన్ పరివర్తన్" పేరుతో ఏజెన్సీలో వేల ఎకరాల్లో పంట నరికించారు. కొన్ని ఊళ్లలో గ్రామస్థులే ముందుకొచ్చి నరికారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు 2 లక్షల కిలోల గంజాయిని ఒకేచోట తగలబెట్టారు. ఆ తర్వాత డ్రోన్లు, ఉపగ్రహ చిత్రాలతో నిఘా మొదలైంది. 2024 నవంబరులో ఆ రాష్ట్రం ఈగల్ అనే ప్రత్యేక దళాన్ని పెట్టింది. కాఫీ, మిరియాలు, పసుపు, రాజ్మా, సిల్వర్ ఓక్ మొక్కలు ఇచ్చి రైతులను మళ్లించే పని కూడా నడుస్తోంది.

ఆంధ్రా వైపు సాగు బాగా తగ్గింది. ఒడిశా వైపు నుంచి రావడం ఆగలేదు. దారి మాత్రం పాతదే: భద్రాచలం, ఖమ్మం, సూర్యాపేట మీదుగా హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు, అక్కడి నుంచి మహారాష్ట్ర. హైదరాబాద్‌లో పట్టుబడే పెద్ద సరుకులో చాలా భాగం ఇక్కడ అమ్మడానికి వచ్చింది కాదు, ఇక్కడి మీదుగా పోతున్నది.

ఇందులో కేసులు ఎవరి మీద పడుతున్నాయో కూడా చెప్పుకోవాలి. మోసేవాడు దొరుకుతాడు. పెట్టుబడి పెట్టినవాడు చాలాసార్లు దొరకడు. రోజు కూలీకి నాలుగు రెట్లు వస్తుందని మూట భుజానికెత్తుకున్న గిరిజన కుర్రాడు, ఆ మూట 20 కిలోలు దాటిందంటే, కనీసం పదేళ్ల శిక్ష ఉన్న కేసులో నిందితుడు. జామీను ఇచ్చేవాళ్లు లేక, లాయర్‌కు ఇవ్వడానికి డబ్బులేక విచారణ ఖైదీగానే ఏళ్లు గడుస్తాయి. "శీలావతి" అని గొప్పగా పేరు పెట్టి అమ్మేవాళ్లకు ఈ సంగతి పట్టదు.

అసలు గంజాయి మొక్కది మన దేశమేనా?

మన దగ్గర చాలా పాతదే, కానీ మొదట పెంచింది మనమేనని చెప్పలేం. 2021లో వచ్చిన ఒక జన్యు అధ్యయనం, సుమారు 12,000 ఏళ్ల కిందట తూర్పు ఆసియాలో మనుషులు దీన్ని సాగులోకి తెచ్చారని తేల్చింది. పామీర్ పర్వతాల్లో 2,500 ఏళ్ల నాటి సమాధుల్లో దొరికిన చెక్క కుంపట్లలో మత్తు ఎక్కువున్న గంజాయిని కాల్చిన ఆనవాళ్లు బయటపడ్డాయి. మన అథర్వవేదంలో భంగ ప్రస్తావన ఉంది.

శాస్త్రీయ నామాల్లోనూ మన దేశానికి చోటుంది. లినేయస్ 1753లో కన్నాబిస్ సటైవా అని పేరు పెట్టాడు. భారతదేశం నుంచి వెళ్లిన నమూనాలు చూసి లామార్క్ 1785లో కన్నాబిస్ ఇండికా అన్నాడు. ఈ రెండూ వేర్వేరు జాతులా, ఒకే జాతిలో రకాలా అని వృక్షశాస్త్రవేత్తలు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. మత్తుకు కారణమైన టీహెచ్‌సీని విడదీసి దాని నిర్మాణాన్ని తేల్చింది ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు గవోని, మెషూలమ్. అది 1964 నాటి మాట.

శీలావతి సటైవానా, ఇండికానా? దాన్నిబట్టి కేసు మారుతుందా?

మారదు. ఎన్‌డీపీఎస్ చట్టం 2వ సెక్షన్ ప్రకారం కన్నాబిస్ ప్రజాతికి చెందిన ఏ మొక్క అయినా గంజాయి మొక్కే. గంజాయి అంటే ఆ మొక్క పూత, కాయ ఉన్న కొసలు, వాటిని "ఏ పేరుతో పిలిచినా సరే". ఆ చివరి మాట చట్టంలోనే ఉంది. శీలావతి, రాజహంస, ఇడుక్కి గోల్డ్, ఓజీ కుష్... కోర్టుకు అన్నీ ఒకటే. జడ్జి చూసేది పేరు కాదు, తూకం.

మరి ఒకప్పుడు గంజాయి దుకాణాలు ఉండేవి కదా, ఎప్పుడు నిషేధించారు?

బ్రిటిష్ వాళ్ల కాలంలో లైసెన్సు, పన్ను పద్ధతి నడిచింది. బెంగాల్‌లోని నవగావ్‌లో, అంటే నేటి బంగ్లాదేశ్‌లో, ప్రభుత్వ పర్యవేక్షణలోనే పండించేవారు. 1893లో వేసిన ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ మరుసటి ఏడాది నివేదిక ఇస్తూ, మితంగా వాడితే చెప్పుకోదగ్గ హాని లేదని, పూర్తి నిషేధం వద్దని, అదుపు, పన్ను చాలని చెప్పింది.

1961లో ఐక్యరాజ్య సమితి ఒప్పందం వచ్చింది. మన దేశం పట్టుబట్టడంతో ఆకులు, విత్తనాలు ఆ ఒప్పందంలోని నిర్వచనంలోకి రాలేదు. భంగు బతికిపోవడానికి మూలం అదే. గంజాయిని ఆపడానికి పాతికేళ్ల గడువు దొరికింది. ఆ గడువు ముగిసేలోపే, 1985 నవంబరు 14 నుంచి ఎన్‌డీపీఎస్ చట్టం అమల్లోకి వచ్చింది.

2020 డిసెంబరులో ఐక్యరాజ్య సమితి మాదకద్రవ్యాల కమిషన్ 27–25 ఓట్లతో గంజాయిని అత్యంత ప్రమాదకర జాబితా నుంచి తీసేసింది. భారత్ కూడా అనుకూలంగా ఓటేసింది. "ఇండియాలో లీగల్ అయిపోయింది" అని వాట్సాప్‌లో తిరిగే సందేశాలకు పునాది ఇదే. ఆ ఒప్పందంలో అదుపులో ఉంచే మత్తుమందుల జాబితా అయిన మొదటి షెడ్యూల్‌లో గంజాయి అలాగే ఉంది, మన చట్టంలో ఒక్క అక్షరం కూడా మారలేదు.

ఎంత దొరికితే ఎంత శిక్ష?

గంజాయికి రెండు గీతలున్నాయి: 1 కిలో, 20 కిలోలు.

కిలో కంటే తక్కువైతే "చిన్న పరిమాణం". ఏడాది వరకు కఠిన జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. కిలో నుంచి 20 కిలోల వరకు పదేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. 20 కిలోలు దాటితే "వాణిజ్య పరిమాణం". కనీసం పదేళ్లు, గరిష్ఠంగా ఇరవై ఏళ్లు, జరిమానా లక్ష నుంచి 2 లక్షలు. పైగా 37వ సెక్షన్ అడ్డొస్తుంది: నిందితుడు తప్పు చేయలేదని నమ్మడానికి కారణాలున్నాయని కోర్టుకు అనిపిస్తే తప్ప బెయిల్ రాదు.

గంజాయి మొక్క నుంచి తీసే జిగురు చరస్. దానికి గీతలు 100 గ్రాములు, 1 కిలో. హష్ ఆయిల్ కూడా చరస్ నిర్వచనంలోకే వస్తుంది. నగరంలో చిన్న చిన్న సీసాల్లో అమ్మే ఆ నూనె గురించి కుర్రాళ్లు పొరపడేది ఇక్కడే. గంజాయి లెక్కన చూసి "ఇంత కొంచెమే కదా" అనుకుంటారు.

గంజాయి చాక్లెట్లు అయితే? అందులో గంజాయి చిటికెడే కదా?

మిశ్రమమైనా చట్టం పరిధిలోకే వస్తుంది. 2020లో హీరా సింగ్ కేసులో సుప్రీంకోర్టు, మత్తులేని పదార్థంతో కలిపి మొత్తం బరువునే లెక్కలోకి తీసుకోవాలని చెప్పింది. చాక్లెట్‌లోని చక్కెర కూడా తూకంలో పడుతుందన్నమాట. ఫ్యాక్టరీల దగ్గర, పాన్ డబ్బాల్లో కార్మికులకు ఇవి అమ్ముతూ దొరికిన కేసులు హైదరాబాద్ శివార్లలో చాలానే ఉన్నాయి.

నా దగ్గర ఏమీ లేదు, తాగానంతే. అదీ నేరమేనా?

నేరమే. 27వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 వరకు జరిమానా, లేదా రెండూ. పోలీసులు ఇప్పుడు మూత్ర పరీక్ష కిట్లు వెంట తెస్తున్నారు. రోజూ తాగేవాళ్ల మూత్రంలో ఆనవాళ్లు వారాల తరబడి ఉంటాయి.

శివరాత్రికి, హోళీకి భంగు తాగుతారు కదా?

కొసలు కలవని ఆకు ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం గంజాయి కాదు. భంగుకు ఆ వెసులుబాటు ఉంది. అయితే ఆకు రాష్ట్ర ఎక్సైజ్ చట్టం కిందికి వస్తుంది. వారణాసిలోనో జైసల్మేర్‌లోనో ప్రభుత్వ లైసెన్సు ఉన్న భంగు దుకాణం చూసి, బేగంబజార్‌లో లైసెన్సు లేకుండా అమ్మొచ్చనుకోవడం పొరపాటు. ఆకుతో పాటు పూత ముక్కలు కలిసి దొరికితే మొత్తం గంజాయి లెక్కే.

ధూల్‌పేట సరుకు అంటారు. అక్కడ పండుతుందా?

ధూల్‌పేటలో పండేవి వినాయక విగ్రహాలు, గాలిపటాలు. ఒకప్పుడు గుడుంబా కూడా. పదేళ్ల కిందట గుడుంబా బట్టీలను మూయించాక, ఉపాధి దొరకని కొందరు గంజాయి ప్యాకెట్లు కట్టడం మొదలుపెట్టారు. సరుకు వచ్చేది ఏజెన్సీ, ఒడిశాల నుంచే. 2024లో ఎక్సైజ్ శాఖ "ఆపరేషన్ ధూల్‌పేట" పేరుతో వరుస దాడులు చేసింది. ఆ పేట మొత్తాన్ని గంజాయి పేరుతో చూడటం మాత్రం అన్యాయం. మన వీధి మండపాల్లోని విగ్రహాల్లో ఎన్నో అక్కడివాళ్ల చేతుల్లో తయారైనవే.

ఓజీ కుష్ వేరే కదా, విదేశీ సరుకు?

మట్టి లేకుండా గదుల్లో లైట్ల కింద పెంచిన గంజాయి. టీహెచ్‌సీ చాలా ఎక్కువ. బ్యాంకాక్ నుంచి శంషాబాద్ విమానాశ్రయంలో దిగినవాళ్ల సూట్‌కేసుల్లో తరచూ పట్టుబడుతోంది. థాయిలాండ్ 2022 జూన్‌లో గంజాయిని మత్తుమందుల జాబితా నుంచి తీసేసింది. 2025 జూన్‌లో మళ్లీ డాక్టర్ చీటీ ఉంటేనే అని బిగించింది. అక్కడ ఏ నియమం ఉన్నా, విమానం ఇక్కడ దిగాక మన చట్టమే. దిగుమతి కేసు కూడా తోడవుతుంది.

ఉత్తరాఖండ్‌లో సాగుకు లైసెన్సులిస్తున్నారు కదా, తెలంగాణలో ఎందుకు ఇవ్వరు?

ఎన్‌డీపీఎస్ 14వ సెక్షన్ ప్రకారం నార కోసం, విత్తనాల కోసం సాగుకు ప్రభుత్వం అనుమతి ఇవ్వొచ్చు. ఉత్తరాఖండ్ ఆ దారిలో వెళ్లింది. అక్కడ టీహెచ్‌సీ 0.3 శాతం దాటకూడదు. శీలావతికి పేరొచ్చిందే మత్తుకు కాబట్టి ఆ లైసెన్సుకూ దీనికీ పొత్తు కుదరదు. దుకాణాల్లో దొరికే హెంప్ గింజలు, గింజల నూనె సంగతి వేరు. వాటిని ఆహారంగా 2021లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ గుర్తించింది.

ఆయుర్వేద మందుల్లో భంగు ఉంటుంది. ఔషధ నియమాల్లో దాన్ని విష పదార్థాల జాబితాలో పెట్టారు. లైసెన్సు ఉన్న తయారీదారు నుంచి, వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలి.

పెరట్లో, కుండీలో ఒక్క మొక్క పెంచితే?

ఒక్కటైనా సాగే. పదేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా. "తులసివనంలో గంజాయి మొక్క" అనే సామెతను నిజం చేయాలనుకునేవాళ్లు ఈ అంకె గుర్తుంచుకోవాలి. టెర్రస్ మీద కుండీల్లో పెంచి దొరికిపోయినవాళ్లు నగరంలో ఉన్నారు.

పోలీసులు రోడ్డు మీద ఆపి సోదా చేస్తే నాకేం హక్కులున్నాయి?

ఒంటి మీద సోదా చేసేముందు, మేజిస్ట్రేట్ లేదా గెజిటెడ్ అధికారి ఎదుట సోదా కోరే హక్కు మీకుందని పోలీసులు చెప్పాలి. ఇది 50వ సెక్షన్. చెప్పకపోతే ఆ సోదాలో దొరికిన దాని ఆధారంగా పడిన శిక్ష నిలవదని బల్దేవ్ సింగ్ కేసులో 1999లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కానీ ఈ రక్షణ ఒంటి సోదాకే. చేతిలోని బ్యాగుకు, బండి డిక్కీకి వర్తించదు. ఆడవాళ్లను ఆడవాళ్లే సోదా చేయాలి. ఎన్‌డీపీఎస్ అధికారుల ముందు ఇచ్చిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదని 2020లో తూఫాన్ సింగ్ తీర్పు వచ్చింది. అందుకే ఖాళీ కాగితం మీద, చదవని కాగితం మీద సంతకం పెట్టొద్దు.

రూమ్మేట్ దగ్గర దొరికింది. నన్నూ తీసుకెళ్తారా?

తీసుకెళ్లి ప్రశ్నించే అవకాశం ఎక్కువ. శిక్ష పడాలంటే మాత్రం ఆ సరుకు ఉందని మీకు తెలుసని, అది మీ అదుపులో ఉందని తేలాలి. ఇల్లు అద్దెకిచ్చినవాళ్లకూ ఇదే సూత్రం. తెలిసీ వాడుకోనిస్తే 25వ సెక్షన్ కింద అసలు నేరానికి ఉన్న శిక్షే పడుతుంది. మాదాపూర్, అమీర్‌పేటల్లో హాస్టళ్లు నడిపేవాళ్లు గదుల సంగతి "మాకెందుకు" అనుకోకపోవడం మంచిది.

మావాడు అమెరికా వెళ్తాడు. చిన్న కేసే కదా, వీసాకు ఇబ్బందా?

అమెరికా వీసా దరఖాస్తు అయిన డీఎస్–160 ఫారంలో, ఎప్పుడైనా అరెస్టయ్యారా అని, మాదకద్రవ్యాల చట్టాన్ని ఉల్లంఘించారా అని వేర్వేరుగా అడుగుతారు. జరిమానా కట్టి బయటపడ్డ కేసు కూడా అక్కడ చెప్పాల్సి వస్తుంది. దాచితే అది ఇంకో తప్పు. అక్కడికి వెళ్లాక కూడా అంతే. కాలిఫోర్నియాలో దుకాణంలో అమ్మినా, వీసా వ్యవహారం ఫెడరల్ ప్రభుత్వం చేతిలో ఉంటుంది. ఫెడరల్ చట్టంలో అది ఇంకా నియంత్రిత పదార్థమే.

మా తమ్ముడు మానలేకపోతున్నాడు. చెబితే కేసు పెడతారేమోనని భయంగా ఉంది.

ఈ భయంతోనే చాలా ఇళ్లలో ఏడాదో రెండేళ్లో చేతులారా పోగొట్టుకుంటారు. 64ఏ సెక్షన్ ఉన్నది ఇలాంటివాళ్ల కోసమే. అలవాటుపడినవాడు తాగడం, చిన్న పరిమాణం లాంటి కేసులో ఉన్నా, తనంతట తానుగా ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్సకు వెళ్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంటుంది. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు.

హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక వైద్యశాలలో వ్యసన విముక్తి విభాగం ఉంది. ఎర్రగడ్డ అనగానే బంధువులు ఏమనుకుంటారో అని వెనకాడే కుటుంబాలు ఎక్కువ. అలాంటివాళ్లు ముందు 14446కు ఫోన్ చేయండి. అది కేంద్ర సామాజిక న్యాయ శాఖ నడిపే వ్యసన విముక్తి హెల్ప్‌లైన్. మనసు బాగోలేకపోతే టెలీమానస్ 14416. అమ్మకందారుల గురించి చెప్పడానికి తెలంగాణలో 1908, దేశమంతటికీ 1933. తెలంగాణ యాంటీ నార్కోటిక్స్ బ్యూరో 2025 జూన్ నుంచి ఈగల్ అనే పేరుతో పనిచేస్తోంది. ఆంధ్రాలోనూ అదే పేరుండటంతో జనం తికమక పడుతున్నారు. అక్కడి నంబరు 1972.

నా కారు సెల్ఫ్ డ్రైవ్‌కి అద్దెకిచ్చాను. అందులో గంజాయి దొరికింది. కారు పోయినట్టేనా?

వెంటనే రాదు. 60వ సెక్షన్ ప్రకారం రవాణాకు వాడిన వాహనాన్ని జప్తు చేయొచ్చు. తప్పించుకోవాలంటే నిరూపించాల్సిన భారం యజమానిదే. తనకు తెలియకుండా, తన ప్రమేయం లేకుండా జరిగిందనీ, తీసుకోవాల్సిన జాగ్రత్తలన్నీ తీసుకున్నాననీ చూపించాలి. అద్దె ఒప్పందం, తీసుకున్నవాడి లైసెన్సు కాపీ, జీపీఎస్ రికార్డు, డబ్బు చెల్లించిన రసీదు పనికొచ్చేది ఇక్కడే. నోటి మాట మీద బండి ఇచ్చినవాళ్ల దగ్గర ఇవేవీ ఉండవు. కేసు తేలేలోపు మధ్యంతర కస్టడీ కోసం కోర్టులో దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఆలస్యం చేస్తే కారు పోలీస్ స్టేషన్ ఆవరణలో ఎండకు ఎండి వానకు తడుస్తుంది.